సర్దుకునేది ఎవరు? భరించేది ఎవరు?

'సర్దుబాటు' అనే మాట మన వాడుకలో చిరకాలంగా వున్నదే. అత్తవారింట అగచాట్లు పడుతున్న కోడలితో "కాస్త సర్దుకుపోవమ్మా" అంటారు పెద్దలు. బాకీ వసూలుకు వచ్చిన షావుకారు పంట పోయిన రైతుతో "ఎలాగో సర్దుబాటు చెయ్యి, నేను మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అంటాడు. కిక్కిరిసిన రైలుపెట్టెలో నిలబడ్డ మనిషి కూర్చున్నవాళ్లతో "కొంచెం సర్దుకోండి" అంటాడు. ఈ మూడింటిలోనూ న్యాయమైనది చివరిది ఒక్కటే. అక్కడ చోటున్నవాడు చోటు లేనివాడికోసం జరుగుతాడు. మొదటి రెండింటిలో జరగడానికి చోటే లేనివాళ్లను జరగమంటున్నారు.

ఇప్పుడీ మాటకు కొత్త హోదా వచ్చింది. వాతావరణ మార్పుకు వ్యాపార సంస్థలు ఎట్లా సర్దుకుంటున్నాయన్నది నేడు వాణిజ్య కళాశాలల్లో పాఠ్యాంశం, పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో ఒక అధ్యాయం, ఆర్థిక పత్రికల్లో నిత్యపారాయణం. వారి వాదన ఇది: ప్రభుత్వాలు మందకొడివి. వ్యాపారికి నష్టభయం వుంది గనుక అతడు ముందే మేలుకుంటాడు. గోడౌన్లు మెరకమీద కడతాడు, నీళ్లు పొదుపు చేస్తాడు, సరుకును ఒక దేశంనుంచి గాక నాలుగు దేశాలనుంచి తెప్పించుకుంటాడు, బీమా చేయిస్తాడు, పనివేళలు మారుస్తాడు. కనుక సమాజానికి దారి చూపేది ఇతడే. మొన్న తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగాడు: "మాస్టారూ, భూమి వేడెక్కడానికి కంపెనీలే కారణమని మీరంటారు. సరే, కాని మారుతున్నది కూడా వాళ్లే గదా?" ఆ కుర్రవాడు నిజాయితీగానే అడిగాడు. అతనికి నినాదం జవాబు కాదు.

వాళ్లు మారుతున్న మాట నిజమే. మనమనుకునేదానికంటె చాలా ముందే మారారు కూడా. 1989లో షెల్ కంపెనీ ఉత్తర సముద్రంలో సహజవాయువు తీసే ఒక బ్రహ్మాండమైన వేదికకు నమూనా తయారు చేయిస్తూ, రాబోయే దశాబ్దాల్లో సముద్రమట్టం పెరగవచ్చునన్న అంచనాతో దాని ఎత్తును ఒకటి రెండు మీటర్లు పెంచింది. ఇంజనీర్లు లెక్క వేశారు, యజమానులు డబ్బు మంజూరు చేశారు. అందులో వింత లేదు. వింత ఏమిటంటే, సరిగ్గా అదే 1989లో అమెరికాలో చమురు, బొగ్గు, మోటారు కంపెనీలన్నీ కలిసి 'గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్' అనే సంఘాన్ని పెట్టుకున్నాయి. భూమి వేడెక్కుతున్నదన్న విషయం ఇంకా తేలలేదని, తొందరపడి చట్టాలు చేయవద్దని ప్రచారం చేయడమే దాని పని. షెల్ అందులో 1998 దాకా సభ్యురాలు. ఆ సంఘం 2002లో గాని మూతపడలేదు. ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రజ్ఞులు 1977 మొదలు వేస్తూ వచ్చిన ఉష్ణోగ్రత అంచనాలను 2023లో 'సైన్స్' పత్రికలో పరిశోధకులు తిరగేసి చూస్తే, వాటిలో అత్యధిక భాగం అక్షరాలా నిజమైనట్లు తేలింది. ఆ అంచనాలు చేతిలో పెట్టుకునే కంపెనీ బయట సందేహాలు పంచిపెట్టింది.

కాబట్టి వ్యాపారి మేలుకోలేదనడం పొరపాటు. తన వేదికకు కాళ్లు పొడుగు చేసుకోవడానికి ఎంత తెలియాలో అంత తెలిసింది. బంగాళాఖాతం ఒడ్డున పాకలో వుండే జాలరికి ఆ విషయం చెప్పనక్కరలేదని కూడా తెలిసింది. వ్యాపారం సర్దుకోవడమంటే ప్రమాదాన్ని తగ్గించడం కాదు. ప్రమాదంవల్ల వచ్చే నష్టాన్ని తన పద్దులోనుంచి తీసి తనకంటె బలహీనుడి పద్దులో వేయడం. ఆ బలహీనుడు కూడా మరొకరిమీదికి తోస్తాడు. చిట్టచివర తోయడానికి ఎవరూ లేనివాడి దగ్గర ఆ నష్టం ఆగుతుంది.

దీనికి ఉత్తర సముద్రం దాకా పోనవసరం లేదు. మన ధాన్యం కేంద్రాలకు వెళ్లండి. 2023 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో అకాలవర్షాలకు కొనుగోలు కేంద్రాల్లో పోసిన యాసంగి వడ్లు తడిసి మొలకలెత్తాయి. అదే సంవత్సరం డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కృష్ణా డెల్టాలో కోసిన పనలను నీళ్లలో ముంచింది. ప్రభుత్వ నియమం ప్రకారం వడ్లలో తేమ నూటికి 17కు మించరాదు. వాన ఎప్పుడు పడుతుందో తెలియని రోజుల్లో ఆ 17 అనే అంకె మిల్లు యజమానికి పెట్టనికోట. తేమ ఎక్కువన్నాడు, తాలు ఎక్కువన్నాడు, క్వింటాలుకు ఇన్ని కిలోలు 'తరుగు' అన్నాడు. రైతు ఒప్పుకోకపోతే లారీ దిగదు. లారీ దిగకపోతే రైతు పట్టా కప్పుకుని మరో రాత్రి కుప్ప దగ్గర కాపలా పడుకోవాలి, మరో వానకు భయపడాలి. ఒప్పుకుంటాడు. దీన్ని గూర్చి ఏ వార్షిక నివేదికలోనూ అధ్యాయం వుండదు గాని, మారిన వానలకు వ్యాపారం సర్దుకున్న తీరుకు ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణ నాకు తెలియదు. తరుగు అనేది వాతావరణంమీద మిల్లరు తీసుకున్న బీమా. ప్రీమియం కట్టేవాడు రైతు.

ఆ రైతు కౌలుదారైతే కథ ఇంకొక మెట్టు దిగుతుంది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఖరీఫ్ ఆహారపంటలకు రైతు వాటా నూటికి 2, రబీకి ఒకటిన్నర. వినడానికి చౌకగానే వుంది. కాని దిగుబడి నష్టాన్ని ప్రధానంగా లెక్క కట్టేది ఒక్కొక్క రైతు చేనుకు కాదు, బీమా యూనిట్ అని పిలిచే మొత్తం ప్రాంతపు సగటు దిగుబడికి. చుట్టుపక్కల చేలు పండితే నీ చేను పండకపోయినా ఆ లెక్కలో పండినట్టే. ఇక కౌలుదారు తాను సాగుదారునని రుజువు చేసుకోవాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏటికి కౌలు ఇవ్వడేమోనని కౌలుదారు భయం. పంట కౌలుదారుది, మునక కౌలుదారుది, కాగితం మాత్రం యజమానిది. పరిహారం ఏనాడైనా కాగితం వెంట నడుస్తుంది గాని నాగలి వెంట నడవదు గదా!

బీమా కంపెనీల సంగతికి వచ్చాం గనుక ఒక మాట. వాతావరణాన్ని అందరికంటె బాగా చదివేది ఈ వ్యాపారమే. 2023 మే నెలలో అమెరికాలోని స్టేట్ ఫార్మ్ కంపెనీ కాలిఫోర్నియాలో కొత్తగా ఇళ్ల బీమా దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. కార్చిచ్చుల ప్రమాదం పెరగడం అది చెప్పిన కారణాలలో ఒకటి. ఆ మరుసటి ఏడు వేలాది పాత పాలసీలను పునరుద్ధరించబోనన్నది. 2025 జనవరిలో లాస్ ఏంజలెస్ తగలబడింది. కంపెనీ అంచనా తప్పలేదు. అంచనా నిజమైనప్పుడు ఆ ఇళ్ల పక్కన వుండకపోవడమే దాని సర్దుబాటు.

ఇక ఎండ విషయం. మన తెలుగునాట వాతావరణ మార్పు అంటే అన్నింటికంటె ముందు ఎండే. 2015 మే నెల ఎవరూ మరచివుండరు. దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోతే వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారు. ఎవరా చనిపోయినవారు? ముసలివాళ్లు, ఇల్లు లేనివాళ్లు, ఆరుబయట పనిచేసే కూలీలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఒక లెక్క ప్రకటించింది: 2030 నాటికి వేడివల్ల ప్రపంచంలో నూటికి 2.2 వంతుల పనిగంటలు, అనగా 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన శ్రమ, నష్టమవుతుంది. భారతదేశంలో ఆ నష్టం నూటికి 5.8 వంతులు, 3 కోట్ల 40 లక్షల ఉద్యోగాలతో సమానం. ఆర్థిక పత్రికలు ఈ అంకెను చూసి 'ఉత్పాదకత నష్టం' అని కంగారుపడ్డాయి. కంగారు ఎవరికోసం? 'నష్టమైన పనిగంట' అంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. సెంట్రింగు పనిలో ఇనుపచువ్వ పట్టుకోలేక కార్మికుడు నీడకు పోయి కూర్చున్న గంట అది. అతని శరీరం బతకడానికి తీసుకున్న గంట. దాన్ని నష్టం పద్దులో రాసింది యాజమాన్యపు కలం.

'పనివేళలు మార్చడం' ఈ రంగంలో గొప్ప సర్దుబాటుగా చెలామణీ అవుతున్నది. మధ్యాహ్నం పన్నెండునుంచి నాలుగుదాకా పని ఆపండి అని అధికారులు ఏటా వేసవిలో ప్రకటిస్తారు. మంచిదే, నేను కాదనను. కాని అడ్డామీద నిలబడి ఆ పూట కూలికి పోయేవాడికి పని ఆగిందంటే కూలి ఆగిందన్నమాట. లేదా తెల్లవారకముందే వచ్చి, మధ్యాహ్నం ఇంటికి పోలేక కట్టడం నీడలోనే పడివుండి, మళ్లీ చీకటిదాకా చేయాలి. పని ఎనిమిది గంటలే, మనిషి మాత్రం పద్నాలుగు గంటలు యజమాని వాకిట్లో. ఆ మిగతా గంటలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. ఆడకూలీల సంగతి ఇంకా ఘోరం. నాలుగింటికి పనిలో వుండాలంటే రెండింటికి లేచి వంట చేయాలి. ఆ రెండు గంటల నిద్ర ఏ సంస్థ లెక్కలోనూ నష్టం కాదు.

ఎండ బాధ తెలుగువాడికి మన ఎల్లలతో ఆగదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ తక్కువ. ఖతార్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు మైదానాలు కట్టిన కాలంలో అక్కడ చనిపోయిన నేపాలీ కార్మికులపై 2019లో ఒక హృద్రోగ పరిశోధన పత్రిక అధ్యయనం ప్రచురించింది. 2009నుంచి 2017 వరకు గుండెజబ్బు ఖాతాలో రాసిన 571 మరణాలలో 200 వరకు, ఎండనుంచి రక్షణ కల్పించివుంటే ఆపగలిగేవని అందులో అంచనా వేశారు. పాతికేళ్ల, ముప్ఫయ్యేళ్ల మనుషులకు గుండె ఆగడం 'సహజ మరణం' అయిపోయింది! సహజ మరణానికి కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదు. ఆ మైదానాల్లో ప్రేక్షకులకోసం చల్లటి గాలి యంత్రాలు బిగించారు, ఆటను వేసవినుంచి నవంబరు, డిసెంబరు నెలలకు మార్చారు. సర్దుబాటు చేతకాక కాదన్నమాట. 2021 మే నెలలో ఖతార్ ప్రభుత్వం జూన్ 1నుంచి సెప్టెంబరు 15దాకా ఉదయం 10నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బయటి పని నిషేధించింది. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచి 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలన్నది. ప్రపంచమంతా వేలెత్తి చూపాక వచ్చిన నియమం ఇది. ఏ కాంట్రాక్టరూ తనంతట తాను కనిపెట్టింది కాదు.

స్వేచ్ఛావాణిజ్యానికి పుట్టిల్లని చెప్పుకునే దేశంలో ఏం జరిగింది? టెక్సాస్‌లో ఆస్టిన్, డల్లాస్ నగరాలు కట్టడపు కూలీలకు నాలుగు గంటలకొకసారి పదేసి నిమిషాలు నీళ్లకు, విశ్రాంతికి ఇవ్వాలని నియమాలు పెట్టుకున్నాయి. 2023లో రాష్ట్ర శాసనసభ అటువంటి స్థానిక నియమాలను చెల్లకుండా చేసే చట్టం తెచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఫ్లారిడా రాష్ట్రం, ఏ కౌంటీ గాని నగరం గాని యజమానులమీద ఎండరక్షణ నియమాలు విధించరాదని శాసించింది. పది నిమిషాలు! గ్లాసెడు నీళ్లు తాగే పది నిమిషాలకు వ్యాపారవర్గాలు శాసనసభను కదిలించాయి. 'వ్యాపారి అందరికంటె ముందు మేలుకుంటాడు' అన్న సూత్రం ఇక్కడ అక్షరాలా నిజం.

మన దగ్గర కొంత మర్యాదగా జరుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో పనిచోట గాలి ఆడాలని, వేడి భరించదగిన స్థాయిలో వుండాలని రాశారు. 2025 నవంబరు 21నుంచి దాని స్థానంలో వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో 'ఫ్యాక్టరీ' అన్న మాటకు అర్థమే కుంచించారు. కరెంటు వాడేచోట 10 మంది వుంటే ఫ్యాక్టరీ అనేది పోయి 20 మంది కావలసివచ్చింది. కరెంటు లేనిచోట 20 పోయి 40 అయింది. పదిహేనుమందితో రేకుల షెడ్డులో నడిచే కార్ఖానా, అంటే అన్నింటికంటె వేడిగా వుండేది, కార్ఖానా కాకుండా పోయింది. అదే 2025లో రోజు పని పరిమితిని 10 గంటలకు పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో 10 గంటల పనికి అనుమతించింది. ఇంగ్లండులో ఆడవాళ్లకు, పసివాళ్లకు పని పదిగంటలకు తగ్గిస్తూ చట్టం వచ్చింది 1847లో. నూట డెబ్బయ్యెనిమిదేళ్ల తర్వాత, అంతకంటె ఎంతో వేడి నేలమీద, మనం పైకి ఎక్కి ఆ పదినే అందుకున్నాం. దీన్ని 'వ్యాపార సౌలభ్యం' అన్నారు.

ఈమధ్య ఎండకే బీమా వచ్చింది. గుజరాత్‌లో స్వయంకృషితో బతికే పేదమహిళల సంఘం 'సేవా' సభ్యులకు 2023లో మొదలైంది. ఉష్ణోగ్రత ఒప్పందంలో రాసుకున్న గీటు దాటితే డబ్బు వస్తుంది. మొదటి ఏడు ఆ గీటు దాటలేదని డబ్బు రాలేదు. 2024లో రాజస్థాన్, మహారాష్ట్రలతో కలిపి 50,000 మందికి విస్తరించారు, చాలామందికి కొన్ని వందల రూపాయలు అందాయి. ఉప్పుమడిలో, చెత్తకుప్పలమీద పనిచేసే మనిషికి ఆ వందలు విలువైనవే. ఆ సంఘాన్ని నేను తప్పుపట్టను, అది తన సభ్యులకోసం దొరికినది పట్టుకున్నది. నేను అడిగేది వేరు. కార్మికుడి ప్రాణానికి పూచీ యజమానిదన్న హక్కును సాధించడానికి ఒక శతాబ్దం పట్టింది. ఆ హక్కు ఇప్పుడు అంగట్లో సరుకుగా తిరిగివస్తున్నది, ప్రీమియంతో సహా. యజమాని ఈ ఒప్పందంలో పార్టీయే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం అన్నది. ఇది మునుపటికంటె మేలు. ఇక్కడ కూడా చెల్లించేది ప్రజల ఖజానాయే గాని, ఆ ఎండలో ఆ మనిషిని నిలబెట్టిన వాడు కాదు.

ఇక మనవాళ్లతో కొంచెం పోట్లాడాలి. "ఈ వాతావరణపు గోల ధనికదేశాల నీతిబోధ, మనకు ముందు ఫ్యాక్టరీలు కావాలి" అని వామపక్ష వేదికలమీద కూడా విన్నాను. ధనికదేశాలు బోధకు అర్హులు కారన్నది నిజం. అంతమాత్రాన మన అడ్డా కూలీ నెత్తిమీద ఎండ తగ్గదు. యాజమాన్యాన్ని ప్రజాపరం చేస్తే ప్రకృతి తనంతట తాను చక్కబడుతుందన్న ధీమా మరొకటి. ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సయిన అరల్ సముద్రాన్ని ఎండబెట్టింది ఏ ప్రైవేటు కంపెనీయో కాదు. 1960లనుంచి పత్తి ప్రణాళిక కోసం నదులు మళ్లించిన సోవియట్ యంత్రాంగం. ఆ ఒడ్డున చేపలు పట్టి బతికినవాళ్లను ఎవరూ అడగలేదు. ఈ మాట మనమే చెప్పకపోతే అవతలివాడు చెబుతాడు, అప్పుడు మనం తలవంచుకోవాలి. మరికొందరు సర్దుబాటు అన్న మాట వినగానే అది రాజీ అని చెవులు మూసుకుంటారు. వేడి వచ్చేసింది. విప్లవం వచ్చేదాకా నీడ అక్కరలేదనడం నీడలో కూర్చున్నవాడు చెప్పే మాట.

ఎందుకంటే ప్రజలకోసం జరిగిన సర్దుబాటు కూడా మన కళ్లముందే వుంది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి సుమారు 10,000 మందిని మింగింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంమీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ విమానాశ్రయం పైకప్పు లేపేసింది, ఉక్కు కర్మాగారాన్ని నిలిపేసింది, కాని మరణాలు కొన్ని పదులలోనే ఆగాయి. మధ్యలో ఏమి వచ్చింది? తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, లక్షలమందిని బస్సులెక్కించి తరలించే యంత్రాంగం. వీటిలో ఒక్కటీ లాభంకోసం కట్టింది కాదు. 2010 మే నెల వడగాడ్పుల్లో వందలమంది చనిపోయాక, 2013లో అహమ్మదాబాద్ నగరపాలక సంస్థ దేశంలోనే మొదటి ఎండ కార్యాచరణ ప్రణాళిక తయారు చేసింది. అదీ ప్రభుత్వ వైద్యులు, పరిశోధకులు కలిసి చేసిన పని. ఆ ప్రణాళికల్లో ఇప్పటికీ లేనిది ఒకటుంది: పని ఆపిన గంటలకు కూలి ఎవరిస్తారన్న వాక్యం.

ఆ వాక్యం ఎక్కడ రాయించాలో మనకు తెలుసు: భవననిర్మాణ కార్మికుల బోర్డులో, కనీస వేతనాల జీవోలో, ప్రభుత్వ కాంట్రాక్టుల టెండరు షరతుల్లో. చేతిలో లెక్క లేకుండా అడిగితే అధికారి నవ్వుతాడు. అందుకని నా విద్యార్థితో ఒక పని అనుకున్నాం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రెండు థర్మామీటర్లు దొరుకుతాయి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టాలి. ఆ రెండూ పట్టుకుని ఊళ్లోని నాలుగు కట్టడాల దగ్గర, రెండు రేకుల షెడ్లలో ఉదయం పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి నిలబడాలి. నోటుపుస్తకంలో గళ్లు గీయాలి: వేళ, పొడి ఉష్ణోగ్రత, తడి ఉష్ణోగ్రత, పనిలో ఎంతమంది, నీళ్లు ఎంత దూరం, ఆ రోజు చేతికి వచ్చిన కూలి. చివరి గడి అడగడానికి సాయంత్రం మళ్లీ వెళ్లాలి, మేస్త్రీ లేనప్పుడు. ఇతర కళాశాలల అధ్యాపకులు కూడా ఇదే పద్ధతిలో గళ్లు గీయిస్తే లెక్కలు కలపడం తేలిక. పరీక్షలు ఏప్రిల్ మొదటివారానికి అయిపోతాయి గనుక మే నెల మొత్తం చేతిలో వుంటుంది.